పైడమ్మ కొమ్మ

ఆ రోజుల్లో ప్రతి కుటుంబం వివరాలూ మొదలు గుర్తుకీ ముగింపు గుర్తుకీ మధ్య రాసి ఉండేవి. యంత్రం వాటిని చదివి ఒక చెట్టుగా పేర్చుకునేది. ఏ కొమ్మవాళ్ళ గది తలుపైనా ఆ కొమ్మకి చెందినవాళ్ళకే తెరుచుకునేది.

ఆ రాతలు దిద్దే ఉద్యోగం హేమలతది. విశాఖ ఆసుపత్రిలో తండ్రి అప్పలస్వామిని గుండె ఆపరేషన్‌కి తీసుకెళ్తారనగా ఆమె పరుగున వచ్చింది. ఆయన గది తలుపు తెరుచుకోలేదు.

"మీరు పైడమ్మగారి కూతురు. పక్క గదికి వెళ్ళండి," అంది తలుపు.

పైడమ్మ వివరాల ముగింపు గుర్తు ఎవరో తప్పుచోట పెట్టడంతో హేమలత పేరు ఆమె కింద పడింది. హేమలత కంగారుగా ఫోన్ తీసి దిద్దబోయింది. పక్క గదిలోంచి ముసలావిడ చక్రాల కుర్చీలో వచ్చింది.

"నువ్వేనేటమ్మా నా కూతురువి? నాకెవులూ నేరని ఇయ్యేల ఎక్కడికో పంపేత్తామన్నారు. నీ పేరు సూసి ఆగారు. పరవానేదు, దిద్దుకో తల్లీ."

హేమలత తన పేరును తండ్రి కిందికి జరిపింది. ఆగి, పైడమ్మ పేరునూ తమ కుటుంబంలోకి, తండ్రి పేరు పక్కకి చేర్చింది. యంత్రం రాతల్ని మళ్ళీ చదివింది.

తలుపు ఇద్దరికీ తెరుచుకుంది.

"ఆవిడెవులమ్మా?" అడిగాడు అప్పలస్వామి నీరసంగా.

"నీ చెల్లెలు నాన్నా. ఇప్పుడే అయింది."

ఆయన పైడమ్మ వైపు చెయ్యి చాపాడు.

"నానొచ్చీవరకూ పిల్లకి తోడుండమ్మా. బయపడతంది."