తొమ్మిదో నెల సూది

నితిన్ వీపు వెనుక గంట మోగింది. వాడు చప్పున తల తిప్పి చూశాడు.

మాస్కు చాటునుంచి నర్సు గీత ఏదో అంది. పిల్లవాడి తల్లి భాగ్యశ్రీకి అందలేదు. పక్కనున్న అత్త సత్యవ్వకూ అందలేదు.

"ఆ మూతిగుడ్డ తీసి చెప్పు సిస్టరమ్మా," అంది సత్యవ్వ. "పెదవులు కనవడకుంటే మాకు మాట ఎక్కది. సాంచెల కాడ బతికేటోళ్లం."

సిరిసిల్ల ఆసుపత్రిలో పనిచేసే గీతకు ఈ మాట కొత్త కాదు. మరమగ్గాల రొదలో గొంతు చించుకున్నా దండగే కాబట్టి, ఆ ఇళ్లవాళ్లు ఒకరి పెదవులు ఒకరు చూసి ముచ్చట్లు నడిపిస్తారు. నవ్వుకుంటూ మాస్కు గడ్డం కిందికి లాగింది.

"చెవులు మంచిగున్నయి అంటున్న. వినవడ్డది కదా, తిరిగిండు."

చెక్క దిమ్మలు ముందు పెడితే నితిన్ ఒకదానిమీద ఒకటి పేర్చాడు. ముక్కేదంటే ముక్కు చూపించాడు. బంతి అమ్మకు ఇయ్యమంటే తెచ్చి ఇచ్చాడు. ఒక్కొక్కటి చేస్తుంటే భాగ్యశ్రీ ముఖం విచ్చుకుని, అంతలోనే మళ్లీ ముడుచుకుపోయింది.

"అన్ని మంచిగనే చేస్తడు మేడం. మాటనే లేదు. రెండేండ్లు నిండవట్టె, అమ్మ అని సుత అనడు."

"గీ ఈడుకు రెండు మాటలు కలిపి అనాలె. 'అమ్మా పాలు', 'తాత రా' అసోంటివి. మొదట్ల సుత ఏం అనకపోయేదా?"

"అనకేంది?" సత్యవ్వ అందుకుంది. మాట కడుపులో దాచుకునే గుణం ఆమెకు పుట్టుకతోనే లేదు. "అత్త, తాత అనుకుంట ఇల్లు పీకి పందిరేసేటోడు. తొమ్మిదో నెల సూది పడ్డది, నోరు మూతవడ్డది. నేను వద్దంటనే ఉన్న. నేను కొడిమ్యాల పోయిన నాడు చూసి, ఈమె ఏయించుకొచ్చింది."

భాగ్యశ్రీ తల వంచుకుంది. ఆ రోజు పిల్లవాడు గిలగిలలాడుతుంటే కాళ్లు కదలకుండా పట్టుకున్నవి ఈ చేతులే. భర్త జితేందర్ ఇప్పటిదాకా ఒక్క మాట అనలేదు. అదే ఆమెను లోలోపల తినేస్తోంది. రెండు తిట్టినా బాగుండునని ఎన్నిసార్లు అనుకుందో.

"సూదితోని మాట పోదవ్వా," అంది గీత. "తట్టు రాకుంట కాపాడే సూది అది. ఆ నెలల ఇంట్ల ఇంకేమన్న మారిందా?"

"ఏం మారలె మేడం. నేను మళ్ల నూలు కండెలు చుట్టుడుకు కూసున్న. వీని ఉయ్యాల సుత సాంచెల షెడ్డులకు మార్చినం. అంతే."

గీత తలూపి, పిల్లవాడి నోరు తెరిపించి నాలుక చూసింది. దోషమేమీ లేదు.

"అసలు సంగతి ఈమె చెప్తలేదు," అంది సత్యవ్వ.

"అత్తా, వద్దు..."

"ఎందుకు వద్దు? దాస్తే దాగుతదా? సిస్టరమ్మా, వానికి మూతి కొట్టుకుంటది. సప్పుడు లేదు, సడి లేదు, ఊకె పెదవులు ఆడుతనే ఉంటయి. ఒడ్డున వడ్డ చేప తీరు. నేనైతే చూడలేక మొఖం తిప్పుకుంట."

భాగ్యశ్రీ కూడా చూడలేదు. అది మొదలు కాగానే పిల్లవాడి ముఖాన్ని గుండెకు అదుముకునేది. నలుగురి కళ్లలో పడకూడదని కొంత, తన కళ్లలో పడకూడదని కొంత.

గీత ముఖంలో నవ్వు పోయింది. "ముందుగాల చెప్పొద్దా? ఫిట్స్‌ల అది సుత ఒక తీరు కావచ్చు. ఉండుండ్రి, డాక్టరు సారుని అడిగొస్త."

గీత తిరిగివచ్చేసరికి ఆమె చేతిలో సూది ట్రే ఉంది.

"రేపు కరీంనగర్ల తలకు పరీక్ష చేపియ్యుమన్నరు. తట్టు సూది రెండోది మాత్రం ఆపొద్దన్నరు. ఇయ్యాలనే ఏద్దాం."

"ఉన్న ఒక్క మనుమన్ని సగం పాడుజేసిండ్రు, చాలదా?" సత్యవ్వ లేచి గోడవారగా నిలబడింది. "ఇంకో సూది ఏస్తే నేను ఊకోను."

"మేడం, నిజం చెప్పుండ్రి," అంది భాగ్యశ్రీ. "నా తోటే గిట్లయ్యిందా?"

"కాదు చెల్లె. ఒట్టు, నీ తప్పు ఏం లేదు."

నమ్మాలని ఉంది, మనసు ఒప్పుకోవడం లేదు. వేయిస్తే ఉన్నది కూడా పోతుందేమోనని భయం. మానేస్తే రేపు తట్టు వచ్చి మీద పడితే ఎవరిని అడగాలి? ముందు నుయ్యి, వెనుక గొయ్యి. ఒళ్లో కూర్చున్న నితిన్ ఆ ట్రే వైపు, తల్లి వైపు మార్చి మార్చి చూస్తున్నాడు.

అంతలో కరెంటు పోయింది. కిటికీ అవతలే ఉన్న జనరేటర్ ఒక్కసారిగా అందుకుంది. గది అద్దాలు గలగలలాడాయి. ఇక ఎవరి మాటా ఎవరికీ వినబడదు.

రొద చెవిన పడగానే భాగ్యశ్రీ కళ్లు అలవాటుగా పెదవుల మీదికి వెళ్లాయి. గీత పెదవులు "ఏయమంటవా?" అంటున్నాయి. గోడవార అత్త పెదవులు "వద్దు, వద్దు" అంటున్నాయి. ఎటూ తేల్చుకోలేక ఆమె ఒళ్లోకి చూసింది.

పిల్లవాడి మూతి మళ్లీ కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఎప్పటిలాగే ఆ ముఖాన్ని గుండెకు అదుముకోబోయి, సగంలో ఆగిపోయింది. ఆ రొదలో ఆమె కళ్లు ఆ చిన్న పెదవులను కూడా చదివేశాయి.

"అమ్మా, సూది వద్దు," అంటున్నాడు నితిన్.