గుర్రమెక్కి పూలకెళ్లిన రాకుమారి

"కట్" అంది సౌండ్ ఇంజనీరు. "మేడమ్, ఇంకా బతిమాలుతున్నట్టే ఉంది. తెగేసి చెప్పాలి."

అద్దం అవతల మైకు ముందు నిలబడ్డ డబ్బింగ్ ఆర్టిస్టు తలూపింది. ఇది ఆరో టేకు. చెప్పాల్సింది చూస్తే ఒక్కటంటే ఒక్క వాక్యం. "వద్దు నాన్నా, ఈ పెళ్లి నేను చేసుకోను."

ఇంజనీరు పక్క కుర్చీలో ఉన్న మాటల రచయితగారికి కాళ్లూ చేతులూ ఆడటం లేదు. సాయంత్రంలోగా ఈ ముక్క పంపకపోతే కంపెనీ వేరే గొంతు పెట్టేస్తుంది. పాత గొంతే కావాలని వాళ్ల కాళ్లావేళ్లా పడి ఆమెని పిలిపించింది ఈయనే మరి.

తప్పు చేసిందీ ఈయనే.

ఇరవై రెండేళ్ల కిందట ఈ బొమ్మల సినిమాకి మన భాషలో మాటలు రాశారు. అసలు కథలో రాజు సంబంధం తెస్తాడు. రాకుమారి వద్దని మొహం మీదే చెప్పేసి, గుర్రమెక్కి దేశాలు చూడ్డానికి పోతుంది. రచయితగారికి అది మింగుడుపడలేదు. ఆడపిల్ల కన్నతండ్రితో మాట్లాడే తీరేనా ఇది? "మీ ఇష్టం నాన్నా, మీరెలా చెబితే అలాగే" అని రాసి పడేశారు. పెదాల కదలికకి అతికినట్టు సరిపోయింది. అలా మార్చమని ఆయన్ని ఎవరూ అడగలేదు.

మరి గుర్రం సంగతో? బొమ్మని మార్చడానికి లేదు కదా! అందుకని రాకుమారి వీపు తిప్పగానే ఇంకో మాట తగిలించారు. "ఉండండి, పెళ్లికి పూలు కోసుకొస్తాను!"

"నడుముకి కత్తి కట్టుకుని పూలకేంటి సార్?" ఇంజనీరు నవ్వాపుకోలేకపోయింది. "చిన్నప్పుడు నలభైసార్లు చూసుంటాను. మా అమ్మ ప్రతిసారీ నన్ను మొట్టేది. చూసి నేర్చుకోవే, ఆ పిల్ల ఎంత బుద్ధిమంతురాలో అని."

ఇంజనీరు సరదాకే అంది గానీ, రచయితగారికి గుండెలో కలుక్కుమంది. ఎన్ని ఇళ్లలో ఎందరు ఆడపిల్లలు ఆ మాట బట్టీపట్టారో! ఇప్పుడు సినిమా కొత్త ప్రింటుతో మళ్లీ వస్తోంది. ఈసారి ఉన్నదున్నట్టు రాశారు. రాసినంత మాత్రాన పాపం పోతుందా?

"మేడమ్ ఆ తరవాత ఇంకే సినిమాకీ చెప్పలేదట కదా?" అడిగింది ఇంజనీరు.

"ఆ ఏడే పెళ్లయింది. మానేసింది."

"అయ్యో, ఎంత మంచి గొంతు!"

రచయితగారు ఎదురుగా ఉన్న బటన్ నొక్కి, లోపలికి వినబడేలా అడిగారు. "అమ్మా, గొంతు పట్టేసినట్టుంది. కాసిని వేణ్నీళ్లు పంపించనా?"

"వద్దు సార్. అయిపోనివ్వండి."

ఆ డబ్బింగ్ థియేటర్లో చిన్నా పెద్దా అందరికీ ఆయన సారే.

"మేడమ్, తెర సంగతి మర్చిపోండి. రాజుగారు మీ ఎదురుగానే కూర్చున్నారనుకుని చెప్పండి" అని సలహా ఇచ్చింది ఇంజనీరు.

ఆమె ఒక్క క్షణం కళ్లు మూసుకుని తెరిచింది. ఏడో టేకు మొదలైంది. తెర మీద రాకుమారి నోరు విప్పింది.

"వద్దు నాన్నా, ఈ పెళ్లి నేను చేసుకోను."

ఒక్క అక్షరం వణకలేదు. ఇంజనీరు కుర్చీలోంచి ఎగిరి లేచింది. "అదీ మేడమ్! ఓకే! ఇక వచ్చేయండి."

రచయితగారు జేబురుమాలుతో మొహం తుడుచుకున్నారు. హమ్మయ్య, ఒక్క తప్పయినా దిద్దుకున్నాననుకున్నారు.

ఆమె మాత్రం బయటికి రాలేదు. తెర మీద బొమ్మ ఆగిపోయింది. ఆమె హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెట్టింది. పొద్దుటినుంచీ తెర మీదే ఉన్న చూపుని అద్దం వైపు, రచయితగారి మీదికి తిప్పింది.

"వద్దు నాన్నా" అంది మళ్లీ.

"అదేంటి సార్, ఓకే అని చెప్పానుగా?" ఇంజనీరు బిత్తరపోయింది.

ఇరవై రెండేళ్ల కిందట సంబంధం ఖాయం చేసేముందు తన కూతుర్ని అడగని ప్రశ్నకి, రచయితగారు ఇప్పుడు జవాబు వింటున్నారు.