తిట్టే గొంతు

కనకరత్నం వంకాయలు తరుగుతూనే కవిత చెప్పింది. వంటింటి గోడ దాన్ని విని కవుల గుంపులో పెట్టింది. వెంటనే మెప్పులు కురిశాయి. అవన్నీ నీడలవి. తీరికలేని మనుషుల బదులు వాళ్ళ గొంతుతోనే జవాబిచ్చే ఆ నీడలకు పొగడటం ఒక్కటే వచ్చు.

బొబ్బిలి పైడితల్లి మాత్రం తనే మాట్లాడేది. "మూడో పాదం ఉప్పులేని పప్పునాగుందే, తీసీ!" అని కసిరేది. ఆ తిట్ల కోసమే రత్నం మళ్ళీ మళ్ళీ రాసేది. "నీడ నేను పోయాకే పెట్టమన్నానే మా పిల్లల్ని" అని నవ్వేది పైడితల్లి.

ఇంతలో గోడలోంచి పైడితల్లి గొంతు పలికింది. "అద్భుతం రత్నం! ప్రతి పాదమూ ముత్యమే."

కత్తిపీట దగ్గర రత్నం చెయ్యి ఆగిపోయింది.

"ఎప్పుడు పోయావే, పైడీ?" అని అడిగింది గోడని.

"ఎంత బాగా అడిగావు, రత్నం!" అంది ఆ గొంతు.