అయిదో గుంపు

అయిదో గుంపు దగ్గర అనలిస్టు చెయ్యి ఆగిపోయింది.

ఫోన్ కంపెనీలో ఆమె పని అదే. లక్షల మంది ఖాతాదార్లను, వాళ్ళు ఫోన్ వాడే తీరునుబట్టి కంప్యూటర్ చేత గుంపులుగా విడగొట్టించాలి. క్లస్టర్ అనాలిసిస్ అంటారు. ఒక్కో గుంపుకూ ఓ పేరు పెట్టి, దాన్నేం చెయ్యాలో రిపోర్టులో రాయాలి.

నాలుగు గుంపులు మామూలువే. కుర్రకారు, వ్యాపారస్తులు, సంసారులు, ఎప్పుడో గాని మాట్లాడనివాళ్ళు.

అయిదోదాంట్లో నలభై ముగ్గురే. అందరూ పొద్దున ఆరుకీ ఏడుకీ మధ్య ఒకే నంబరుకి ఫోన్ చేస్తున్నారు. పది సెకన్లలో పెట్టేస్తున్నారు. మళ్ళీ మర్నాటిదాకా ఎవరితోనూ మాటల్లేవు.

ఆమె ఆ నంబరు కొట్టింది.

"లేచాను. ఇవాళ కూడా లేచాను," అంది ఓ ముసలి గొంతు. పెట్టేసింది.

మళ్ళీ కొట్టింది.

"చెప్పానుగా లేచానని..." గొంతు ఆగింది. "ఈ నంబరు నా వాళ్ళెవరిదీ కాదే. ఎవరు నువ్వు?"

అనలిస్టు చటుక్కున పెట్టేసింది.

మేనేజరు విని పెదవి విరిచాడు.

"నిద్ర లేచినందుకు హాజరు పలికే గుంపు నేనెక్కడా వినలేదమ్మా. ఏ దొంగ వ్యవహారమో! రేపు పైవాళ్ళు అడిగితే జవాబు చెప్పుకోవాల్సింది మనమే."

ఆ గుంపుకి 'అనుమానాస్పదం' అని పేరు పెట్టింది. 'నంబరు నిలిపివేయడం మంచిది' అని రాసింది.

నిలిపేశారు.

మూడోనాడు ఓ ముసలావిడ ఆఫీసుకొచ్చింది. దుమ్ముకొట్టుకుపోయిన కాళ్ళు. చేతిలో అడ్రసులు రాసిన కాగితం.

"నా ఫోను మోగడం లేదు తల్లీ."

అనలిస్టు ఆ గొంతు గుర్తుపట్టింది.

"ఫారం రాసివ్వండి. పది రోజులు పడుతుంది."

"పది రోజులే! మోగకపోతే ఎవరు లేవలేదో నాకెలా తెలుస్తుంది?"

"ఇంకో ఫోన్‌నుంచి మీరే చేసుకోండి."

"నేను చేస్తే లాభం లేదు. వాళ్ళే చెయ్యాలి. చెయ్యనివాళ్ళ ఇంటికి నేను వెళ్ళాలి." ముసలావిడ కాగితాన్ని అరచేత్తో నిమిరింది. "ఇప్పుడు అందరిళ్ళకీ వెళ్ళాల్సొస్తోంది."

అది యముడి చిట్టాలా కనిపించింది అనలిస్టుకి.

"వెళ్ళండి. ముందిక్కణ్ణుంచి వెళ్ళండి!"

ముసలావిడ గోడ పట్టుకుని మెట్లు దిగిపోయింది.

వారం గడిచింది. మనసు ఊరుకోక అనలిస్టు అయిదో గుంపును మళ్ళీ తెరిచింది. మూగబోయిన ఆ నంబరుకి నలభై ఇద్దరు ఇంకా రోజూ కొడుతూనే ఉన్నారు.

ఒకరు మానేశారు.

ఆ ఒకరి అడ్రసు పట్టుకుని వెళ్ళింది. మూడో అంతస్తు. తుంటికి కట్టుతో మంచానికి అతుక్కుపోయి ఉన్నాడు, రిటైరైన డ్రిల్లు మాస్టారు.

"స్నానాలగదిలో జారిపడ్డానమ్మా. రోజల్లా అరిచాను, పట్టించుకున్న నాథుడు లేడు. చివరికి ఆ ముసలావిడే వచ్చి తలుపు బద్దలుకొట్టించింది. నన్ను ఆస్పత్రి బండి ఎక్కించి, మెట్లమీదే కూలబడిపోయిందట. మళ్ళీ లేవలేదు."

అనలిస్టు స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఆవిడ మీకేమవుతారు?"

"ఏమీ కాదు. ఆస్పత్రి వరండాలో కలిసింది ఒకసారి. 'నాకెవరూ లేరు తమ్ముడూ, చచ్చినా ఎవరికీ తెలీదు. పొద్దున్నే ఓ ఫోన్ కొట్టి లేచానో లేదో కనుక్కుంటావా?' అంది. జాలేసింది. నన్నొకళ్ళు కనిపెట్టుకుని ఉంటామంటే ఒప్పుకునే రకాన్ని కాదు నేను. ఆమెకే పాపం నేను దిక్కు."

నలభై ముగ్గురూ ఇలాగే జాలిపడి ఉంటారు.

మాస్టారు కళ్ళు తుడుచుకున్నాడు. "ఒంటిపిల్లి రాకాసిలా బతికింది. ఆ ఇంటికి తాళమన్నా ఎవరేశారో... ఓసారి చూసొస్తావా అమ్మా?"

కంపెనీ రికార్డుల్లో చిరునామా వెతికి పట్టుకుని, వెళ్ళి తలుపు తట్టింది. నడివయసు స్త్రీ ఒకామె తీసింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"ఇక్కడ ఒంటరిగా ఒక పెద్దావిడ ఉండేవారట..."

"ఒంటరిగానా?" ఆమె తెల్లబోయింది. "మా అత్తయ్య నలుగురు కొడుకుల తల్లండీ, ఈ ఇంట్లో పదకొండుమందిమి ఉంటాం, ఆవిడ వచ్చి లేపందే మాలో ఒక్కరికీ తెల్లారేది కాదు."