మూసిన కౌంటర్

రెండు విమాన కంపెనీలు ఒకటయ్యాక మా ఎయిర్‌పోర్టులో రెండు చెక్-ఇన్ కౌంటర్లూ ఒకటయ్యాయి. నా పక్క కౌంటర్లో కూర్చునే మా అక్కను మేనేజరు ఇంటికి పంపించేశాడు. అక్క ఏదో చెప్పబోతే, "కారణాలు నాకొద్దు" అన్నాడు.

ఈరోజు ఆ మేనేజరే చెమటలు కక్కుకుంటూ నా దగ్గరకు పరిగెత్తుకొచ్చాడు. అప్పుడే చెక్-ఇన్ మూసేశాను.

"ఒక్క బోర్డింగ్ పాస్ ఇవ్వమ్మా! విమానం ఇంకా ఇక్కడే ఉందిగా!"

"గడువు దాటితే కన్నతండ్రినైనా ఎక్కించొద్దని మీరే అన్నారు కదా సార్."

"అది కాదు, నా మాట విను..."

"కారణాలు నాకొద్దు సార్."

ఆయన మొహం మాడిపోయింది. అక్క చూసుంటే బాగుండేదనిపించింది. కాసేపటికి అద్దాల్లోంచి విమానం ఎగిరిపోవడం ఇద్దరం చూశాం.

"ఎంత పని చేశావే తల్లీ! కొత్త కంపెనీ ఈ ఊరికి విమానాలే ఆపేస్తానంటోంది. మధ్యాహ్నం మీటింగులో కాళ్లావేళ్లా పడి ఆ మాట వెనక్కి తీయిద్దామని బయల్దేరాను. ఇక నీ ఉద్యోగం, నా ఉద్యోగం రెండూ పోయినట్టే!"

"తెలుసు సార్," అన్నాను కంప్యూటర్ కట్టేస్తూ. "నిన్న మీరు ఫోన్లో అంటుంటే విన్నాను. ఇంట్లో అక్క ఒక్కతే ఉంటోంది, నేను తోడుంటాను. మరి మీకు తోడెవరు?"