ఇంజనుకి బొట్టు

"మళ్లీ ఆగిపోయిందే అమ్మా! ఇంకో పావుగంటలో ఇంటర్వ్యూ!"

అనూరాధ ఒళ్లో లాప్‌టాప్ పెనంలా కాలుతోంది. ఆన్ చేస్తే చాలు, లోపలి ఫ్యాను హోరుమని అరుస్తోంది, వెంటనే స్క్రీను ఆరిపోతోంది.

వాకిట్లో ఎండుచేపలు తిరగేస్తున్న లక్ష్మణమ్మ పరుగున వచ్చింది. "ఏటైందే దానికి?"

"ఏమో! ఈ ఉద్యోగం రాకపోతే మరి నాకు దారి నేదే!"

ఏడుస్తూనే నాన్న పనిముట్ల పెట్టెలోంచి స్క్రూడ్రైవరు తెచ్చి అడుగు మూత విప్పింది. ఫ్యాను రెక్కల నిండా పసుపూ కుంకుమా గడ్డకట్టి ఉన్నాయి.

"అమ్మా, ఏటిది?"

"సుక్కురారం సుక్కురారం ఆ కన్నాల కాడ బొట్టెడతన్నాను."

"ఇదేటైనా పడవింజనా? నీకు బుద్ధి..."

లక్ష్మణమ్మ తల దించుకుంది. "మీ నాన ఒక్కపాలే ఇంజనుకి బొట్టెట్టకుండా వేటకెల్లినాడే. మరి తిరిగి రానేదు."

అనూరాధ గబగబా పాత బ్రష్షుతో రెక్కలు తుడిచింది, మూత బిగించింది, ఆన్ చేసింది. ఫ్యాను మెత్తగా తిరిగింది.

ఇంటర్వ్యూకి ఇంకా రెండు నిమిషాలున్నాయి.

లాప్‌టాప్ వెనక్కి తిప్పి, కుంకుమ భరిణె తెచ్చి తల్లి చేతిలో పెట్టింది.

"ఇదిగో, ఈ మూత మీద ఎట్టమ్మా. బేగి ఎట్టు."