వాన సెట్టింగు

"ఛాసిస్ మీద చెయ్యి పడిందో, టీమ్‌లోంచి బయటికే!" టీమ్‌ను చూసుకునే లెక్చరర్ శివప్రసాద్ సారు వేలు చూపించి మరీ చెప్పాడు.

హనుమేష్ తగ్గలేదు. "నల్లమల పక్క చూడండి సార్. అరగంటలో వాన దిగుతాది. వెనక చక్రాలు లోపలికి జరపల్ల. లేకుంటే తడి రోడ్డు మీద స్టీరింగ్ తిప్పినా బండి తిరగదు, నేరుగా పోతాది."

"నాలుగేండ్లుగా చూస్తాండా ఈ మబ్బుల్ని. వస్తాయి, పోతాయి. పొడి సెట్టింగే ఉండనీ."

అది 2008 ఆగస్టు. కర్నూలు శివార్లలో కాలేజీల గో-కార్ట్ పోటీ, విద్యార్థులు తయారుచేసిన చిన్న రేసు బండ్లతో. తారు మైదానంలో పాత టైర్లు పేర్చి మలుపులు కట్టారు. వాన టైర్లు కొనే స్తోమత వీళ్ల కాలేజీకి లేదు. ఉన్న ఒక్క కార్టునూ రెండేళ్లు వెల్డింగ్ చేసి నిలబెట్టినవాడు హనుమేష్. నడిపేది అతని క్లాస్‌మేట్ మహాదేవి.

సారు టీకి వెళ్లగానే హనుమేష్ కార్టు కింద దూరాడు. బోల్టులు వదులు చేసి, వెనక చక్రాలను ఇరుసు మీద చెరో అంగుళం లోపలికి నెట్టి బిగించాడు.

మహాదేవి చూసింది.

"ఎవురికీ చెప్పాకు," అన్నాడు.

"చెప్పన్లే."

అతను షెడ్డు నుంచి పెట్రోలు తెచ్చి పోసేసరికి కార్టులను స్టార్టింగ్ గీత మీదికి పిలిచారు. ఎండ పెళపెళా కాస్తోంది. చినుకు లేదు. హనుమేష్ ఆకాశంకేసి చూశాడు. పొడి రోడ్డు మీద ఆ సెట్టింగుతో మలుపులో బండి పల్టీ కొట్టినా కొట్టొచ్చు. ఆపమని చెప్పడానికి నోరు తెరిచేలోపే జెండా ఊగింది.

ఒక రౌండు. రెండు. అతను లెక్కపెడుతూ నిలబడ్డాడు.

ఆరో రౌండులో ఫెళ్లున ఉరిమి, ఒక్కసారిగా వాన కురిసింది. ముందున్న కార్టులు జారి జారి టైర్ల గోడల్లో దూరుతున్నాయి.

"ఇంగ మనదే!" హనుమేష్ గంతేశాడు.

మహాదేవి మలుపు దగ్గరికొచ్చింది. స్టీరింగ్ తిప్పింది. బండి తిరగలేదు. నేరుగా పోయి టైర్లను గుద్దుకుంది.

అతను వానలో పడి పరిగెత్తాడు. ఆమె లేచి హెల్మెట్ తీసింది. దెబ్బలేమీ తగల్లేదు. వంగి చూశాడు. వెనక చక్రాలు మళ్లీ బయటికే ఉన్నాయి.

"ఎవురు మార్చింది? సారేనా?" పళ్లు కొరికాడు.

"నేనేప్పా," మహాదేవి తల దించుకుంది. "నువ్వు పెట్రోలుకు పోయినప్పుడు సారు టేపు పట్టుకోని కొలిచేకి వస్తాండె. నిన్ను యాడ తీసేస్తాడో అని చక్రాలు మళ్లా బయటికి లాగేసినా. నీకు చెప్పేలోగా గీత మీదికి పిలిచిరి."